గరిటె పెట్టకు, జర ఉండు

ఇది రాయడానికి కూర్చున్నాక ఇప్పటికే రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్లొచ్చాను. గేటు దగ్గర పనేమీ లేదు. నాకు కూర్చోవడం చేతకాదు, అంతే. ఇన్నేళ్లు బస్సు కండక్టరుగా కడ్డీ పట్టుకుని నిలబడి బతికినవాణ్ణి. అలాంటి నన్ను గుండె జబ్బు తెచ్చి కుర్చీలో పడేసింది. ఇంట్లో ఈ గదికీ ఆ గదికీ తిరిగి తిరిగి అందరి ప్రాణాలూ తోడేస్తున్నానని మా అమ్మాయి స్రవంతి ఒక నోటు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

"బాపూ, తిరుగుడు బంద్ చేసి రాసుకో. నీ పానం కుదుటపడ్తది, ఎవరికన్న పనికి సుత వస్తది" అంది.

పనికొస్తుందో లేదో నాకు తెలియదు. జరిగింది మాత్రం చెబుతాను.

జనవరి నెలాఖరు. పాలంపేట నుంచి వరంగల్‌కు తిరుగు ట్రిప్పు. ములుగు బస్టాండులో బస్సు ఆగినప్పుడే ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది. గ్యాస్ అనుకున్నాను. ముందు రోజు మటన్ గట్టిగా లాగించాను కదా, అదే అయి ఉంటుందని ఒక సోడా తాగాను. ఇక్కడే ఒక మాట చెప్పాలి. గ్యాసా, గుండెనా అని తేల్చేది మనం కాదు, సోడా అంతకంటే కాదు. అలాంటి నొప్పి వచ్చి చెమటలు పడితే ఇంకేమీ ఆలోచించకుండా దవాఖానకు పోవాలి. నేను పోలేదు. "రైట్" అని బస్సెక్కాను.

ఊరు దాటాక చొక్కా తడిసి ముద్దయింది. ఎడమ చేయి నాది కాదన్నట్టు బరువెక్కింది. సీట్ల మధ్యలో కూలబడితే ఒక ముసలమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసరడం మొదలుపెట్టింది. "ఓ డ్రైవరు బిడ్డా, ఆపకు, పోనీ!" అని ఆమె అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మా డ్రైవరు సాంబయ్య ఆపలేదు. దిగాల్సిన ఊళ్లు వెనక్కి వెళ్లిపోతున్నా ఆ బస్సులో ఒక్కరు కూడా స్టాప్ అనలేదు. వాళ్లంతా మళ్లీ ఏ ఆటోలు పట్టుకుని వెనక్కి వెళ్లారో, ఎవరి పని ఎంత చెడిందో నాకు తెలియదు. మంచం మీద పడి ఉన్న రోజుల్లో దాని గురించే ఎక్కువ ఆలోచించాను.

దవాఖానలో ఏం చేశారో నాకంటే స్రవంతి బాగా చెబుతుంది. నాకు గుర్తున్నది చలి, తల మీద వెలుగు, "ఊపిరి పీల్చుకోండి" అన్న గొంతు. రక్తనాళంలో స్టెంటు వేశారు. నాలుగో రోజో ఐదో రోజో బయటికి తెచ్చారు. నా భార్య కమల గుమ్మం దగ్గర చెప్పులు లేకుండా నిలబడి ఉంది. చెప్పులేవని అడిగితే "ఉన్నయి లే" అంది కానీ ఎక్కడున్నాయో చెప్పలేదు.

ఫిబ్రవరిలో మొదటి చెకప్. గుండె డాక్టరు గది ముందు కుర్చీల వరుస ఉంటుంది. పైన మాట వినపడని టీవీ. ఎవరి పేరు పిలిచినా అందరూ లేచి నిలబడతారు, మళ్లీ కూర్చుంటారు. నేను మాత్రం కూర్చోలేదు. గోడకూ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఎడమ చేతి మణికట్టు మీద కుడి చేతి వేలు. అప్పట్లో ఆ వేలు అక్కడి నుంచి తీసేవాణ్ణే కాదు. కొట్టుకుంటోందా, కొట్టుకుంటోందా అని.

"కూసో తమ్మీ, నీ ఎనుక తిరుగవట్టి నా కండ్లు తిరుగుతానయి" అన్నాడు ఒక పెద్దాయన. పాలంపేట దిక్కు రైతట. పక్కన కుర్చీ మీది తువ్వాలు తీసి చోటిచ్చాడు. నీకెప్పుడొచ్చిందని అడిగాడు. చెప్పాను.

"నాకిది రెండోసారి" అన్నాడు. "మొదటిసారి అయినంక మంచిగనే ఉన్న. నాట్లేసిన, కోతలు కోసిన. మంచిగున్న గద అని గోలీలు బంద్ వెట్టిన. మల్ల వచ్చింది."

అంత మామూలుగా అన్నాడు ఆ మాట. కానీ "మల్ల వచ్చింది" అన్న ముక్క నాలో దిగిపోయింది. తింటున్నా, పడుకున్నా, బాత్రూం తలుపు గడియ పెట్టుకుంటున్నా అదే. మళ్లీ వస్తే? ఎవరూ లేనప్పుడు వస్తే? బయట ఏ బస్సు హారన్ కొట్టినా గుండె జల్లుమనేది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక ఉన్న మనిషి. ఉప్పు తగ్గించాలి, నూనె తగ్గించాలి, మటన్ మానెయ్యాలి అని చెప్పింది. "వారానికి రెండుసార్లు చేపలు తినండి. పులుసు పెట్టుకోండి, నూనెలో వేయించొద్దు. ఎండు చేపలు అసలే వద్దు, వాటి నిండా ఉప్పే."

నాకు ఆత్రం ఆగలేదు. "రోజూ తింటే ఇంక జల్ది బాగైతది గద మేడం?"

"రెండుసార్లు చాలు. చేప మందు కాదండీ, తిండి. మిగతా రోజులు పప్పు, కూరగాయలు తినండి. రోజూ తప్పకూడనివి గోలీలు."

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో స్రవంతి చప్పట్లు కొట్టింది. మా ఇంట్లో సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, బేస్తవారం బాబాది, శుక్రవారం లక్ష్మిది, శనివారం వెంకన్నది. ఆ అయిదు రోజులూ ఇంట్లో నీసు ఉండదు. నీసు అంటే మా దగ్గర మాంసం, చేప, గుడ్డు, అన్నీ. ఇక మిగిలినవి బుధవారం, ఆదివారం.

"చూసినవా బాపూ, దేవుండ్లు డాక్టరమ్మను అడిగే పంచుకున్నరు. సరిగ్గ రెండు రోజులు ఇడిసిపెట్టిన్రు!"

నేను నవ్వాను. కమల నవ్వలేదు. ఆటో బయటికి చూస్తూ కూర్చుంది.

నాకు చేపలంటే ఎప్పుడూ పెద్దగా ఇష్టం లేదు. ముల్లు ముల్లూ ఏరుకుంటూ తినడానికి కుదురుండాలి, అది నాకు లేదు. కమల పుట్టిల్లు ధర్మసాగర్. చెరువు గట్టు మీద పెరిగిన మనిషి. పెళ్లయిన కొత్తలో మా అత్తగారింట్లో ఆమె చేప తలకాయ తింటుంటే నోరు తెరుచుకుని చూశాను. మాట్లాడుతూనే తింటుంది, కంచంలో ముల్లు ముల్లుగా పక్కన పేర్చి పెడుతుంది, తలలో ఒక్క మెతుకంత కండ వదలదు. మా ఇంట్లో చేప వండితే తల ముక్క ఆమెదే. దానికి ఎవరూ పోటీకి వెళ్లేవాళ్లం కాదు.

ఆ బుధవారం స్రవంతి మార్కెట్ నుంచి రవ్వ చేప కొట్టించి తెచ్చింది. కమల గేటు దగ్గరే ఎదురెళ్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి తేకు బిడ్డా."

"ఎందుకు? ఇయ్యాళ బుధారమే గద."

అప్పుడు బయటపడింది. నన్ను లోపలికి తీసుకుపోయిన రోజు దవాఖాన వరండాలో చెప్పులు విడిచి మొక్కుకుందట. శివయ్యా, ఈ మనిషిని ఇంటికి తోలు. వచ్చే ఏడు శివరాత్రి దాకా నా పొయ్యి మీద నీసు ఎక్కది, నా చెయ్యి ముట్టది, నా నోరు ముట్టది. అప్పుడు విడిచిన చెప్పుల కోసం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అవి అక్కడే పోయాయి.

"అమ్మా, డాక్టరమ్మ తినాలె అంటాంది. తినకపోతే బాపుకే గద నష్టం?" స్రవంతి గొంతు పెరిగింది.

"మొక్కు తప్పితె ఎవరికి నష్టం?" కమల గొంతు పెరగలేదు. "నేను మాట ఇచ్చిన. ఆయినె మనిషిని ఇచ్చిండు. ఇప్పుడు నేను ఎట్ల తప్పుదు? ఏమన్నయితె?"

వాళ్లిద్దరూ నా గుండె కోసమే కొట్లాడుతున్నారు. ఆ గుండె మోస్తున్న నేను స్రవంతి చేతిలోని చేపల కవరు అందుకుని మధ్యలో నిలబడ్డాను. కవరులోంచి నీళ్లు కాలి మీద కారుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఊళ్లో ఇన్ని వస్తువులుండగా ఈమెకు మొక్కుకోవడానికి ఇదే దొరికిందా అని నోటిదాకా వచ్చింది. అనేశాను కూడా. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ చేపలు పక్కింటివాళ్లకు వెళ్లాయి.

తర్వాత చాలా రోజులు ఇంట్లో మాటలు సరిగ్గా లేవు. స్రవంతి చేపనూనె గోలీల డబ్బా తెచ్చింది. కమల మూత తీసి వాసన చూసి దాన్ని తీసుకుపోయి ప్రహరీ గోడ మీద పెట్టింది. మార్చిలో చెకప్‌కు పోయినప్పుడు ఆ డబ్బా చూపిస్తే డాక్టరమ్మ పక్కన పెట్టేసింది. "నేను చెప్పకుండా ఏ గోలీ వేసుకోవద్దు, తిండి తిండిలాగే తినండి" అంది. స్రవంతి ఊరుకోకుండా మొక్కు సంగతి కూడా చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కమల వైపు తిరిగింది.

"అమ్మా, మొక్కు మీ పొయ్యికి, మీ చేతికి, మీ నోటికి. అంతేనా?"

"అంతే."

"ఆయన చేతికి లేదు కదా?"

కమల ఆలోచించింది. "లేదు" అంది. ఆ మాట అన్నాక ఆమె భుజాలు కిందికి దిగడం నేను చూశాను. అంతవరకు అవి అంత ఎత్తున బిగుసుకుని ఉన్నాయని నాకు తెలియనే లేదు.

అలా మార్చి నుంచి నేను వంటవాణ్ణయ్యాను. ఇంటి వెనక నల్లా పక్కన గచ్చు మీద పాత ఒంటి పొయ్యి, ఒక గంజు, ఒక గరిటె, అన్నీ వేరు. కమల వెనక గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని చెప్పేది. గడప దాటేది కాదు. ఉప్పు, పసుపు పట్టించి జిగురు పోయేదాకా కడుగు. ఉల్లిగడ్డ కాల్చి నూరు. చింతపండు పిసికి పులుసు తియ్యి. మెంతులు జరంత, ఎక్కువైతే చేదు. అన్నీ అలాగే చేశాను. పులుసు మరిగింది. ముక్కలు వేశాను. వేసిన వెంటనే గరిటె పెట్టాను.

"గరిటె పెట్టకు! జర ఉండు!"

"అడుగంటుతది గద."

"అంటదు. గంజు అంచులు పట్టుకొని మెల్లగ తిప్పు. ముక్క దానంతట అది ఉడకాలె. ఉండు... ఉండు అంటాన్న గద!"

ఉండటమే కదా నాకు రానిది. రెండు నిమిషాలకోసారి మూత తీయడం, గరిటెతో కదపడం. ఆ మొదటి పులుసు ముక్కలన్నీ విడిపోయి ముళ్లున్న గంజి అయింది. అందులో ముళ్లు ఏరుకునే ఓపిక లేక సగం పారబోశాను. కమల గుమ్మంలోంచి ఆ గంజు వైపు చూసిన చూపు మాత్రం నాకు గుర్తుంది. చిన్నప్పుడు పక్కవాడి చేతిలో మామిడిపండు చూసినప్పుడు మేం చూసేవాళ్లం, అలా చూసింది. నేను అప్పుడు పట్టించుకోలేదు. చేప పాడు చేసినందుకు కోపమనుకున్నాను.

ఏప్రిల్, మే అలాగే గడిచాయి. బుధవారం, ఆదివారం వెనక గచ్చు మీద పొగ, మధ్యలో మా ఇద్దరి కేకలు. ఎండలు ముదిరాయి. ఉదయం నడవమంటే నడిచేవాణ్ణి, వద్దన్నప్పుడూ నడిచేవాణ్ణి. డ్యూటీకి ఇంకా ఎక్కనివ్వలేదు. సాంబయ్య వచ్చి గంటసేపు బస్సు కబుర్లు చెప్పిపోతే ఆ పూట కొంచెం నయంగా ఉండేది. వెళ్లిపోగానే వేలు మళ్లీ మణికట్టు మీదికి వెళ్లేది.

జూన్‌లో మిరుగు వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మా దగ్గర మిరుగు అంటారు. ఆ రోజు చేప తింటే వానాకాలం రోగాలు రావని నమ్మకం. వరంగల్‌లో ఆ రోజు చేప ఉడకని వాడ ఉండదు. ఈసారి ఆదివారమే వచ్చింది. ముళ్లు తక్కువని కొర్రమట్ట కోసం పోయాను. నేను పోయేసరికి అయిపోయింది, మళ్లీ రవ్వే దొరికింది. పొద్దుటి నుంచి చుట్టుపక్కల అన్ని ఇళ్ల నుంచీ పులుసు వాసన. కమల ఆ రోజు గుమ్మంలో కూర్చోలేదు. లోపల తన పొయ్యి మీద పప్పు పెట్టుకుంటూ అక్కడి నుంచే చెప్పింది.

"గరిటె పెట్టకు. జర ఉండు."

పెట్టాను. ఎందుకు పెట్టానంటే ఏం చెప్పను? చెయ్యి ఊరుకోదు. ముక్కలు మళ్లీ విరిగాయి. ముళ్లు పులుసంతా పాకాయి.

వెనక గడప బయట కూర్చుని తింటున్నాను. అదీ ఆత్రంగానే. మూడో ముద్దకో నాలుగో ముద్దకో గొంతులో ముల్లు దిగింది. దగ్గాను, పోలేదు. నీళ్లు తాగాను, పోలేదు. ముల్లు గొంతులో ఉంటే భయం మాత్రం ఛాతీలోకి పాకింది. మళ్లీ వచ్చింది, ఇదే అది, అనుకున్నాను. చెమట పట్టింది. కంచం మీద చెయ్యి కొట్టాను.

కమల ఎప్పుడు గడప దాటిందో నేను చూడలేదు. నా కంచంలో చెయ్యి పెట్టి, అన్నం ఇంత ముద్ద చేసి, నా దవడ పట్టుకుని నోట్లో కుక్కింది. "మింగు. నమలకు, మింగు!" మింగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో ముద్ద పెట్టింది. ముల్లు దిగిపోయింది. తర్వాత ఈ సంగతి చెబితే డాక్టరమ్మ తిట్టింది. అలా మింగించకూడదట, లోపల ఇంకా గుచ్చుకోవచ్చట, ముల్లు ఇరుక్కుంటే దవాఖానకే రావాలట. అది కూడా రాసిపెడుతున్నాను.

ఊపిరి అందాక చూశాను. కమల తన కుడి చేతిని గాలిలో అలాగే పట్టుకుని నిలబడి ఉంది. అయిదు వేళ్లకూ ఎర్రగా చేప పులుసు. స్రవంతి గుమ్మంలో ఉంది. కమల నల్లా కింద చెయ్యి పెట్టి చాలాసేపు కడిగింది. ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం స్రవంతి చేత పెట్టించింది.

ఇక నా సంగతి వినండి. ఇన్ని నెలలు ఆ మొక్కును చూసి విసుక్కున్నవాణ్ణి నేనే. ఇప్పుడు అది తప్పేసరికి భయం పట్టుకుందీ నన్నే. ఏమన్నయితె అని ఆమె అన్న మాట ఇప్పుడు నా నోట్లో తిరుగుతోంది. తెల్లారితే సోమవారం. ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి హనుమకొండ వేయి స్తంభాల గుడికి పోయాను. లింగం ముందు నిలబడి, ఆమె ముట్టింది నా కోసమే, తప్పు ఉంటే నాది, దాని బదులు నేనొకటి విడిచిపెడతాను అని దండం పెట్టుకున్నాను. ఏం విడవాలో తోచలేదు. వెనక జనం తోస్తున్నారు. మటన్ అనేసి బయటపడ్డాను.

ఇంటికి వచ్చి చెప్పాను. కమల చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు ఆగాయి.

"మటనా?"

"జన్మల ముట్టను."

"డాక్టరమ్మ బంద్ చేసిందే గద అది? డాక్టరమ్మ గుంజుకున్నదాన్ని తీస్కపోయి శివయ్యకిస్తివా?"

స్రవంతి పక్క గదిలోంచి పగలబడి నవ్వింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కమల కూడా నవ్వింది కానీ మధ్యలోనే ఆగిపోయింది.

"మొక్కంటె మనకు పానమైంది ఇయ్యాలె. వద్దనుకున్నది ఇస్తె ఆయినె ఏం చేసుకుంటడు? నాకు చేపలంటె పానం. అందుకే ఇచ్చిన. ఇంకోటి ఏమున్నది నా దగ్గర?"

నేను అక్కడే కింద కూర్చున్నాను. ఇంట్లో పప్పు, ఊరంతా పులుసు వాసన, గుమ్మంలో పీట. వారానికి రెండుసార్లు నేను ఆమె ముందు ఆ చేపను పాడు చేసి, ముళ్లని తిట్టుకుంటూ, సగం పారబోశాను. ఆమె చూస్తూ కూర్చుంది.

"మరి ముట్టితివి గద కమలా" అన్నాను.

"ముట్టిన. నీకు అక్కర పడితె మల్ల ముడ్త. ఎందుకు ముట్టిన్నో ఆయినెకు తెల్వదా? నోట్లయితె పెట్టుకోలే. శివరాత్రి దాకా పెట్టుకోను."

"నేను చాయ్ ఇడుస్త అయితె."

"అమ్మో, వద్దు. చాయ్ లేకుంటె నువ్వు ఇల్లు పీకి పందిరేస్తవు." చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. "నువ్వు ఏం ఇయ్యకు. నేనిచ్చింది చాలు. నువ్వు జర ఉండు, గంతే."

పొయ్యి దగ్గర ఎప్పుడూ విన్న మాటే. ఆ రోజు మాత్రం అది గరిటె గురించి కాదు.

ఇప్పుడు వానలు పడుతున్నాయి. గోలీలు తప్పడం లేదు. వచ్చే నెల డ్యూటీకి ఎక్కొచ్చన్నారు, ముందు ఆఫీసులో కుర్చీ పని. మళ్లీ వస్తుందేమోనన్న భయం పోయిందని చెప్పను. పోలేదు. కానీ బుధవారం, ఆదివారం వెనక గచ్చు మీద ముక్కలు వేశాక గరిటెను దూరంగా గోడ మీద పెట్టేస్తున్నాను. చేతులు కట్టుకుని నిలబడుతున్నాను. కాళ్లు ఆడుతూనే ఉంటాయి, చేతులు మాత్రం ఆగుతున్నాయి. మొన్న ఆదివారం ముక్క విరగలేదు. కంచం ఎత్తి గుమ్మంలో ఉన్న కమలకు దూరం నుంచే చూపించాను. మెడ చాచి చూసి, "తల ముక్క ఇంక జర ఉడకాలె" అంది.

శివరాత్రి దాటాక వచ్చే మొదటి బుధవారం ఆ తల ముక్క ఆమె కంచంలో పెట్టాలి, నేను వండింది. దానికి చాలా నెలలుంది. అప్పటిదాకా నేను ఉండాలి.